చెరకు దీవి నేర్పిన లెక్క

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 41:25–36, ప్రసంగి 11:1–6, యాకోబు 5:1–6



కోత పండుగల కాలం వచ్చింది. మన మందిరములలో ధాన్యపు కంకులు, గుమ్మడికాయలు, మిరపకాయల బుట్టలు, కోడిపుంజులు తెచ్చి బల్ల ముందు పెట్టి దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తున్నాము. ఇది మన పెద్దలు నేర్పిన మంచి అలవాటు. అయితే ఆ బుట్ట వెనుక ఎంత అప్పు ఉందో, వచ్చే ఏడు ఆ ఇంటివారు దేనిమీద ఆధారపడి బ్రతుకుతారో మనం మందిరములో మాట్లాడుకోవడం తక్కువ. ఈ నెల మన శీర్షికలో ఆ సంగతే మాట్లాడదలిచాము. ఇందుకు మాకు సాయపడినది హిందూ మహాసముద్రంలోని ఒక చిన్న దీవి.

మన సంఘములకు చెందిన కళాశాల విద్యార్థులు పన్నెండుమంది, వారి అర్థశాస్త్రం మాస్టారు ఒక అధ్యయన యాత్రగా మారిషస్‌కు బయలుదేరినప్పుడు, పెద్దవారి తోడు ఉండాలని మమ్ములను కూడా రమ్మన్నారు. ఎనిమిది రోజులు ఉన్నాము. సముద్రతీరాన ఫొటోలు తీసుకోవడానికి వెళ్లిన యాత్ర కాదది. ఒక చిన్న దేశం దేనిమీద బ్రతికింది, అది పోయినప్పుడు ఎలా నిలిచింది, ఆ బ్రతుకులో ఎవరికి ఎంత దక్కింది అని చూసి రావడానికే. పిల్లలు రోజూ సాయంత్రం తాము చూసినది నోటు పుస్తకంలో వ్రాసుకునేవారు. మేము చెప్పేది ఎక్కువగా ఆ పుస్తకాలలోనిదే.

ఒకే పంట మీద ఒక దేశం

ముంబయి నుంచి విమానంలో సుమారు ఆరు గంటల ప్రయాణం. మన గడియారం కన్న వారి గడియారం గంటన్నర వెనుక. ముఖ్యమైన దీవి వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత తూర్పు గోదావరి జిల్లాలో అయిదో వంతు కూడా ఉండదు. జనాభా పన్నెండున్నర లక్షలు. నేలలో బంగారం లేదు, బొగ్గు లేదు, పెట్రోలు లేదు. అగ్నిపర్వతం కక్కిన నల్లరాయి ఉంది, వాన ఉంది, చుట్టూ సముద్రం ఉంది.

ఈ దీవికి ఆదివాసులంటూ ఎవరూ లేరు. డచ్చివారు 1598లో వచ్చి తమ యువరాజు మారిస్ పేరు పెట్టారు. 1639లో జావా నుంచి చెరకు తెచ్చారు. వారు 1710లో విడిచిపోయాక ఫ్రెంచివారు 1715లో ఆక్రమించుకున్నారు, 1810లో ఇంగ్లీషువారు గెలుచుకున్నారు. జెండాలు మారాయి గాని చెరకు మాత్రం పెరుగుతూనే పోయింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఆ చిన్న దీవిలో రెండు వందలకు పైగా చెరకు మిల్లులు ఉండేవి. 1960ల నాటికి ఎగుమతుల మీద వచ్చే రాబడిలో నూటికి తొంభైకి పైగా పంచదార వలననే వచ్చేది.

చెరకునే ఎందుకు పట్టుకున్నారని పిల్లలు అడిగారు. దానికి సమాధానం గాలిలో ఉంది. ఆ దీవికి తుపానుల బెడద ఎక్కువ. మామిడి, కాఫీ వంటి చెట్లు ఒక్క గాలికి కూలిపోతాయి. చెరకు వంగుతుంది, కొంత విరుగుతుంది, మళ్లీ మొక్క లేస్తుంది. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరితోటలు ఏమయ్యాయో తెలిసిన మనవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ పంచదార ఎవరి చెమట?

చెరకు తనంతట తాను పంచదార కాదు. ఎవరో నరకాలి, మోయాలి, గానుగ ఆడాలి. ఫ్రెంచివారి కాలం నుంచి ఆ పని ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలు చేశారు. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. అప్పటికి అరవై వేలకు పైగా బానిసలు ఉన్నారు. బ్రిటిషు ప్రభుత్వం ఇరవై లక్షల పౌనులకు పైగా నష్టపరిహారం ఇచ్చింది. ఇచ్చింది ఎవరికి? యజమానులకు. వీపు మీద దెబ్బలు తిన్నవారికి ఒక్క పైసా ఇవ్వలేదు. ఈ వాక్యం వినగానే మన పిల్లలు కలాలు ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

బానిసలు పోయాక యజమానులు మన దేశం వైపు చూశారు. 1834 నుంచి సుమారు 1910 వరకు నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా ఆ దీవిలో అడుగుపెట్టారు. బీహారు వైపు నుంచి ఎక్కువమంది, తమిళ దేశం నుంచి కొందరు, మన తెలుగు తీరం నుంచి కొందరు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, విశాఖ, గంజాం వైపు నుంచి ఓడలెక్కినవారిని అక్కడ ‘కోరంగీలు’ అనే పేరుతో పిలిచారు. ఊరిపేరే జాతిపేరైంది. ఈ రోజు కోరంగిలో ఆ పాత రేవు లేదు గాని, దాని పేరు నాలుగు వేల కిలోమీటర్లకు ఆవల బ్రతికి ఉంది.

పోర్టు లూయీ రేవులో వారు దిగిన చోటును ఆప్రవాసి ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రేవు నుంచి పైకి పదహారు రాతిమెట్లు ఉన్నాయి. ఒప్పందం అయిదేండ్లు. మగవానికి నెలకు అయిదు రూపాయల జీతం, కొంత బియ్యం, పప్పు, ఉప్పు. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. దీనిని ‘డబుల్ కట్’ అనేవారు. జ్వరం వచ్చినవాడు ఒక రోజు పడుకుంటే ఆ రోజు కూలి పోవడమే కాక మరొక రోజు ఉచితంగా పని చేసినట్టే. చేలను కోసిన పనివారికి ఇవ్వక బిగబట్టిన కూలి మొరపెడుతుందని, ఆ కేకలు దేవుని చెవిని పడతాయని యాకోబు పత్రిక చెబుతున్నది ఇలాంటి లెక్క గురించే.

మోకా అనే చోట మహాత్మా గాంధీ సంస్థలో ఆ కూలీల రికార్డులు భద్రపరచి ఉంచారు. ప్రతి మనిషికి ఒక నంబరు. తండ్రి పేరు, ఊరు, వయసు, ఒంటిమీద గుర్తు. తరువాతి కాలంలో ఫొటో కూడా. ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్టు వ్రాసిన తెలుగు పేర్లు చూస్తే నవ్వు వస్తుంది, వెంటనే ఏడుపు వస్తుంది. అయినా ఇప్పటి మనుమలు ఆ నంబరు పట్టుకుని తమ తాతల ఊరు వెతుక్కుంటున్నారు.

చెరకు తోటలలో ఇంకొక సంగతి చూశాము. చేల మధ్య నల్లరాళ్ల కుప్పలు మనిషి ఎత్తుకు మించి గోపురాల్లా ఉన్నాయి. దున్నడానికి అడ్డు వచ్చిన రాళ్లను కూలీలు చేతులతో ఏరి పేర్చినవి. వారి సమాధులకు చాలాచోట్ల గుర్తులే లేవు. ఈ కుప్పలే వారికి గుర్తులు. యొర్దాను దాటాక యెహోషువ నిలువబెట్టించిన రాళ్లను చూసి పిల్లలు తమ తండ్రులను అర్థం అడగాలని ఉంది గదా. మా విద్యార్థులు కూడా అడిగారు, మాస్టారు చెప్పారు.

సువార్త సంగతి కూడా ఒక మాట. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జాన్ లెబ్రన్ దొరగారు 1814లో ఆ దీవికి వచ్చి, నల్లవారి పిల్లలకు ఉచితంగా బడి పెట్టారు. బానిసలకు చదువెందుకని యజమానులు మండిపడిన రోజులవి. మన ప్రాంతాలలో మిషను బడులు ఏమి చేశాయో తెలిసిన మనకు ఆయన పడిన పాటు అర్థమవుతుంది.

పండితులు భయపడిన దేశం

1960లో కరోల్ అనే పెద్ద తుపాను ఆ దీవిని ఊడ్చివేసింది. మరుసటి సంవత్సరం, 1961లో, జేమ్స్ మీడ్ అనే ఇంగ్లీషు ఆర్థిక శాస్త్రవేత్త దీవి పరిస్థితి మీద నివేదిక వ్రాశారు. తరువాత 1977లో నోబెల్ బహుమానం పొందిన మేధావి ఆయన. మలేరియా అదుపులోకి వచ్చి మరణాలు తగ్గాయి, జనం వేగంగా పెరుగుతున్నారు, ఉన్నది ఒకే పంట, పని చూపే మార్గం కనబడదు, శాంతియుతమైన అభివృద్ధికి ఆశ తక్కువ అని ఆయన అభిప్రాయం. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ దేశం మీద పెద్దల అంచనా ఇంతే.

అయితే ఆ అంచనా తప్పింది. ఎలా తప్పిందో తెలుసుకోవడమే మా యాత్రకు ముఖ్యమైన పాఠం.

మొదట, ఇండ్లలో బిడ్డల సంఖ్య తగ్గింది. 1960లు, 70లలో కుటుంబ నియంత్రణ పనిలో ప్రభుత్వంతోపాటు సంఘములు కూడా కలిసి వచ్చాయి. రెండవది, 1970లో ఎగుమతుల కోసమే పనిచేసే కర్మాగారాలకు పన్ను రాయితీలిచ్చే చట్టం తెచ్చారు. హాంకాంగ్ వంటి చోట్ల నుంచి బట్టల కంపెనీలు వచ్చాయి. స్వెట్టర్లు, చొక్కాలు కుట్టి ఐరోపాకు పంపారు. ఇంటి పని తప్ప తెలియని వేలాది ఆడపిల్లలు మొదటిసారిగా తమ పేరున జీతం తీసుకున్నారు. 1980ల మధ్యకు వచ్చేసరికి ఎగుమతులలో బట్టలు పంచదారను దాటిపోయాయి. మూడవది, 1970ల చివరి నుంచి హైస్కూలు చదువు ఉచితం చేశారు. నాలుగవది, 1975లో ఐరోపా దేశాలతో కుదిరిన ఒప్పందం. ఏటా సుమారు అయిదు లక్షల టన్నుల పంచదారను నిలకడైన మంచి ధరకు వారు కొంటామన్నారు. చాలా సంవత్సరాలు అది ప్రపంచ మార్కెట్టు ధరకన్న ఎంతో ఎక్కువ. ఆ లాభంలో కొంత ఎగుమతి పన్నుగా ప్రభుత్వానికి చేరింది, కొంతను మిల్లుల యజమానులు హోటళ్లలో, బట్టల కర్మాగారాలలో పెట్టారు.

పంచదార బాగున్న రోజులలోనే పంచదార కానిదానికి పునాది వేశారు. ఇదీ అసలు రహస్యం. పంట పోయాక వేరే దారి వెతికితే చేతిలో పెట్టుబడి ఉండదు.

అన్నీ తెలివిగానే చేశారనుకోవద్దు. 1974లో పంచదార ధర ఆకాశానికి అంటింది. జీతాలు పెరిగాయి, ఖర్చులు పెరిగాయి. ధర పడిపోయాక ఖర్చు తగ్గలేదు. అప్పులు చేశారు. 1979లోను, 1981లోను తమ రూపాయి విలువను తగ్గించుకోవలసి వచ్చింది. సమృద్ధి సంవత్సరాలలో ధాన్యం నిలువ చేయమని ఫరోకు యోసేపు చెప్పిన మాట వారు ఆ కొద్దికాలం మరచిపోయారు. కరవు వారికి గుర్తు చేసింది.

ఐరోపా తలుపు మూసినప్పుడు

2005 జనవరి 1న ప్రపంచ బట్టల వ్యాపారంలో కోటాల పద్ధతి ముగిసింది. చైనా చొక్కాలు చవకగా వచ్చి పడ్డాయి. దీవిలో కర్మాగారాలు మూతబడి వేలమంది, ఎక్కువగా స్త్రీలు, పని పోగొట్టుకున్నారు. దాని వెనుకనే ఐరోపావారు పంచదార ధరను 2006, 2009 మధ్య నూటికి 36 వంతులు తగ్గించి, పాత ఒప్పందానికి స్వస్తి చెప్పారు. రెండు స్తంభాలు ఒకేసారి కదిలాయి.

1973లో ఏడు లక్షల టన్నులు దాటిన పంచదార ఈ మధ్య సంవత్సరాలలో మూడు లక్షల టన్నుల లోపే ఉంటున్నది. మిల్లులు వ్రేళ్ల మీద లెక్కించదగినన్ని మిగిలాయి. కాని మిగిలినవి చెరకులో దేనినీ పారవేయడం లేదు. పిప్పిని కాల్చి కరెంటు తీస్తున్నారు. మడ్డి నుంచి సారాయి, ఇథనాల్ చేస్తున్నారు. మామూలు పంచదార బదులు ఎక్కువ ధర పలికే ప్రత్యేక రకాల పంచదార తయారు చేస్తున్నారు. హోటళ్లు, బ్యాంకులు, కంప్యూటరు పనులు, ఓడరేవు వ్యాపారం తోడయ్యాయి. 2019లో వచ్చిన యాత్రికులు దాదాపు 13 లక్షల 80 వేలమంది. దేశ జనాభాకన్న వచ్చిన అతిథులే ఎక్కువ!

ఆ గర్వమూ నిలువలేదు. 2020 మార్చిలో కరోనా వలన దీవి తలుపులు మూశారు. పూర్తిగా తెరిచింది 2021 అక్టోబరులోనే. అదే సంవత్సరం, 2020 జూలై 25న, వకాషియో అనే పెద్ద ఓడ పగడపు దిబ్బ మీద ఎక్కి ఆగిపోయింది. కొద్దిరోజులకు సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలోకి కారింది. జాలరుల బ్రతుకు నల్లబడింది. అప్పుడు వేలమంది జనం, ఏ మతం ఏ కులం అని చూడకుండా, ఎండిన చెరకు ఆకును గుడ్డలలో కూరి పొడుగాటి తెప్పలుగా కుట్టి నీటిమీద పరిచి నూనెను అడ్డుకున్నారు. ఒకప్పుడు వారి తాతల వీపులు విరిచిన చెరకే ఆ రోజు వారి తీరాన్ని కాపాడటానికి పనికి వచ్చింది.

ఒక చిన్న రైతు మాట

దీవి ఉత్తర భాగంలో తెలుగు వంశానికి చెందిన ఒక చిన్న రైతు ఇంటికి వెళ్లాము. వయసు డెబ్బయి దాటింది. తెలుగులో ప్రార్థన పాటలు వచ్చు గాని మాట్లాడటం క్రియోల్ భాషలోనే. మాకు దారి చూపే యువకుడు అర్థం చెప్పాడు. ఆయన తాతగారు కూలి ముగిశాక పొదుపు చేసి, పెద్ద తోటల యజమానులు ముక్కలు చేసి అమ్మిన భూమిలో రెండెకరాలు కొన్నారట. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి అలా వేలాది కూలి కుటుంబాలు రైతులయ్యాయి.

లెక్క ఎలా తేలుతుందని పిల్లలు అడిగారు. రైతు చెరకు మిల్లుకు తోలితే, దానిలో నుంచి వచ్చిన పంచదారలో నూటికి 78 వంతులు రైతుది, 22 వంతులు మిల్లుది. ఇది చట్టం. బేరం లేదు, దళారి లేడు. అంతేకాదు, 1946 నుంచి తుపాను భీమా నిధి ఉంది. పెద్ద తోటవాడైనా ఎకరం రైతైనా ప్రతి ఒక్కరూ అందులో కట్టవలసిందే. తుపాను గాని కరవు గాని పంటను తీసివేసిన ఏడు అందులో నుంచి పరిహారం వస్తుంది. మన దేశానికి స్వాతంత్ర్యం రాకముందే పెట్టుకున్న నిధి అది!

మా విద్యార్థినులలో ఒకమ్మాయిది మిరప పండించే ఊరు. ఆమె తండ్రి నాలుగెకరాలు కౌలుకు తీసుకుని అంతా మిరపే వేస్తారు. ఆ అమ్మాయి అడిగింది: “తాతగారూ, చెరకు ఇంక లాభం లేదని మీకు ఏ సంవత్సరం తెలిసింది?”

ఆయన నవ్వి చెప్పిన మాటను మేము ఆ అమ్మాయి పుస్తకంలో నుంచే ఇక్కడ వ్రాస్తున్నాము. “మాకు తెలియలేదమ్మా. ఎవరికీ ముందుగా తెలియదు. మంచి ధర వచ్చిన ఏళ్లలో మా ఆవిడ డబ్బు నా చేతికి ఇవ్వలేదు. పిల్ల చదువుకు కొంత తీసి, ఇంటి వెనుక కూరపాదులకు ఒక ముక్క వదలమంది. ఇప్పుడు మా అమ్మాయి నర్సు. ఆ పాదుల వంకాయ వారానికి రెండుసార్లు సంతకు వెళుతుంది. చెరకు ఉన్నంత ఉంటుంది.”

ఆ అమ్మాయి చాలాసేపు మౌనంగా ఉంది. ఆ రాత్రి ప్రార్థనలో తన తండ్రి పేరు చెప్పి కన్నీళ్లు పెట్టుకుంది. 1997, 98 సంవత్సరాలలో పత్తి పురుగు పాలై ఎంతమంది రైతులు పురుగుమందు త్రాగారో మన తరం మరచిపోలేదు. ఒకే పంట, ఒకే అప్పు, ఒకే ఆశ. ఆ ఒక్కటీ తెగితే పట్టుకోవడానికి ఇంకేమీ లేక పోయినవారు వారు.

కంచంలోని లెక్క

ఒక మధ్యాహ్నం మాస్టారు భోజనం దగ్గర ఒక పని చెప్పారు. కంచంలో ఉన్న ప్రతి వస్తువు ఏ దేశం నుంచి వచ్చిందో అడిగి వ్రాయమన్నారు. బియ్యం బయటి నుంచి, పప్పు బయటి నుంచి, గోధుమ పిండికి గోధుమలు బయటి నుంచి, టీలో పాలపొడి బయటి నుంచి. ఆ నేలది అనదగినది కూర, చేప, టీలో పంచదార! దీవి ప్రజలు తినే ఆహారంలో సుమారు నాలుగింట మూడు వంతులు ఓడలలో వస్తుంది.

2023 జూలైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపివేసినప్పుడు ఆ దీవిలో కలవరం పుట్టింది. ఆగస్టు చివర మన దేశం ప్రత్యేకంగా 14,000 టన్నులు మారిషస్‌కు పంపడానికి అనుమతి ఇచ్చింది. ఆ నిషేధం 2024లో తొలగింది. ఢిల్లీలో ఒక సంతకం పడితే సముద్రానికి ఆవల ఒక తల్లి కుండలోకి చూసుకోవలసి వచ్చింది. మన మడిలో పండే గింజ ఎంత విలువైనదో మనవాళ్లకు అక్కడ తెలిసింది.

ఇంకా మానని గాయాలూ ఉన్నాయి. పెద్ద తోటలు, మిల్లులు, హోటళ్లు నేటికీ కొద్ది కుటుంబాల చేతులలోనే ఎక్కువ. బానిసల సంతతివారిలో చాలామంది భూమి పంపకంలోను, చదువులోను వెనుకబడి ఉన్నారు. చిన్న రైతులు వేలమంది చెరకు మానివేయగా చేలు బీడుపడ్డాయి. బట్టల కర్మాగారాలలో ఇప్పుడు మన దేశం నుంచి, బంగ్లాదేశ్ నుంచి, మడగాస్కర్ నుంచి వచ్చిన ఒప్పంద కూలీలు పనిచేస్తున్నారు. కూలీల మనుమలు తామే కూలీలను పిలిపించుకునే స్థితికి వచ్చారు. వారిని ఎలా చూసుకుంటారన్నదే ఇప్పుడు ఆ దేశానికి పరీక్ష. ఐగుప్తులో పరదేశులుగా ఉన్న సంగతి జ్ఞాపకం చేసుకొనుమని ఇశ్రాయేలీయులకు దేవుడు పదే పదే చెప్పినది ఇందుకే గదా.

మన ఇంటికి కొన్ని మాటలు

ప్రియులారా, దీవి అంటే చుట్టూ నీళ్లున్న నేల మాత్రమే కాదు. ఒకే ఆదాయం మీద, ఒకే షావుకారు మీద ఆధారపడిన ప్రతి ఇల్లూ ఒక దీవే. గల్ఫ్ నుంచి కొడుకు పంపే డబ్బు తప్ప వేరే ఆధారం లేని ఇల్లు కూడా దీవే. ఆ దేశం మనకు నేర్పగల లెక్కను నాలుగు మాటలలో చెబుతాము. కుటుంబ ప్రార్థన తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించండి.

మొదటిది, మంచి ఏడును గుర్తుపట్టండి. ధర వచ్చిన సంవత్సరం దేవుడిచ్చిన సమృద్ధి సంవత్సరం. యోసేపు అయిదో వంతు నిలువ చేయించాడు. మనం దశమభాగము దేవునికి ఇచ్చాక, మిగిలినదంతా పెండ్లికి, మోటారు సైకిలుకు, గోడ రంగులకు పోనివ్వక, ఒక భాగం కరవు సంవత్సరానికి పక్కన పెట్టగలమా?

రెండవది, నేలలో ఒక ముక్కను ఇంటి తిండికి వదలండి. ఏడుగురికి, ఎనమండుగురికి భాగము పంచమని ప్రసంగి చెప్పిన సలహాలో దానధర్మమే కాక జాగ్రత్త కూడా ఉంది. పొద్దున చల్లిన విత్తనమో సాయంకాలం చల్లినదో, ఏది ఫలిస్తుందో మనకు తెలియదు. రెండు గేదెలు, పది కోళ్లు, పెరటిలో పాదులు ఉన్న ఇంటికి మిరప ధర పడినా పొయ్యి ఆరదు.

మూడవది, ఆడపిల్ల చదువును ఖర్చు కింద వ్రాయకండి. ఆ దీవిని నిలబెట్టినవారిలో కర్మాగారాలకు నడిచి వెళ్లిన ఆడపిల్లలు, బడికి వెళ్లిన వారి కుమార్తెలు ఉన్నారు. పంట ఎండుతుంది, పొలం తాకట్టు పడుతుంది. చదువును ఏ షావుకారూ జప్తు చేయలేడు.

నాలుగవది, కలిసి కట్టుకునే నిధి. మన స్త్రీల సమాజము ఇంటింటా పిడికెడు బియ్యం తీసే అలవాటు ఇప్పటికీ చాలా సంఘములలో ఉంది. ఆ పిడికెడు బియ్యమే పెద్దదైతే తుపాను భీమా నిధి అవుతుంది. ప్రభుత్వ పంట భీమాలో సకాలంలో చేరడానికి, పొదుపు సంఘంలో వాయిదా తప్పకుండా కట్టడానికి మన సంఘపెద్దలు కౌలురైతులకు సాయపడవచ్చును. పాస్టరుగారు ఆదివారం ప్రకటనలలో ఆఖరి తేదీ చదివినా మేలే.

వీటన్నిటికన్న పైన ఒక మాట ఉంది. మన పొలంలో కూలికి వచ్చినవారి లెక్క. జ్వరం వచ్చి ఒక రోజు రాలేకపోయిన మనిషికి మనం ‘డబుల్ కట్’ వేస్తున్నామా? ప్రొద్దు గ్రుంకక ముందే కూలి ఇమ్మని ధర్మశాస్త్రము చెబుతున్నది. కోత పండుగ రోజున బల్ల ముందు పెట్టే బుట్టలో వారి బాకీ కలిసి ఉంటే దేవుడు దానిని ఎలా అంగీకరిస్తాడు? ముందు ఆ బాకీ తీర్చి, తరువాత బుట్ట తెద్దాము.

ఇచ్చే దేవుడు ఒక్కడే, ఆయన ఇచ్చే మార్గాలు అనేకములు. ఒకే చేను మీద, ఒకే ధర మీద నమ్మకముంచక ఆయన మీద నమ్మకముంచి, ఆయన ఇచ్చిన తెలివితో మన ఇండ్లను చక్కబెట్టుకుందాము. వచ్చే కోతకాలం నాటికి మీలో ఎవరైనా నిలువ పెట్టిన మొదటి బస్తా గురించి మాకు వ్రాస్తే ఎంతో సంతోషిస్తాము. ప్రభువు మీ కళ్లములను, మీ గాదెలను, మీ బిడ్డల చదువులను దీవించును గాక. ఆమేన్.